పిన్ని కందిరీగలూ మేస్త్రీ చీమలూ

మా పిన్ని నిలబడే తింటుంది. పళ్లెం ఎడమచేతిలో పట్టుకుని కిటికీ దగ్గర రెండు ముద్దలు, పొయ్యి దగ్గర రెండు ముద్దలు, మధ్యలో వదులైన తలుపు గొళ్లెం ఒకటి బిగించి ఇంకో ముద్ద. బస్సులో సీటు దొరికినా అంచునే కూర్చుని, దిగాల్సిన చోటుకి రెండు స్టాపుల ముందే లేచి నిలబడుతుంది. "మా పెళ్లి ఫొటోలో అందరి మొహాలూ కనిపిస్తాయి. మీ పిన్ని ఒక్కతే పొగమంచులో నడిచిపోతున్నట్టు ఉంటుంది" అంటాడు బాబాయి. ఆ ఫొటో నేనూ చూశాను. ఆయన చెప్పింది నిజమే, కెమెరావాడు క్లిక్కుమనిపించే లోపే ఆవిడ తల తిప్పేసింది.

బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పొద్దున స్టూలు మీద కూర్చున్నాడంటే మధ్యాహ్నానికి గాని లేవడు. ఆ ఇంట్లో కదిలేది ఒకరు, కూర్చునేది ఒకరు. పనులు మాత్రం ఇద్దరివీ సమయానికి అయిపోతాయి.

ఇంత కుదురు లేని మనిషి పందొమ్మిదేళ్లుగా చేస్తున్న ఉద్యోగం, నువ్వుగింజలో సగం కూడా లేని పురుగులు ఎప్పుడు పుడతాయా అని ఎదురుచూడటం.

ఊరి చివర పండ్లతోటల కేంద్రం ఒకటి ఉంది. నాలుగు వందల నిమ్మచెట్లు, ముందు ఒక ఆఫీసు, వెనక పెంపకం గది. ఆ గది పిన్నిది. రెండు గోడల పొడవునా ఇనుప అరలు, అరల నిండా గుమ్మడికాయలు. కొత్తగా వచ్చినవాళ్లు వంటసామాను దాచే చోటనుకుంటారు. దగ్గరికి వెళ్తే ప్రతి కాయ మీదా తెల్లగా పిండి చల్లినట్టు ఉంటుంది. ఇంకా దగ్గరికి వెళ్తే ఆ పిండి మెల్లగా కదులుతుంది. అవి పిండినల్లులు. నిమ్మచెట్టు లేత కొమ్మల రసం పీల్చి, పిందెల్ని వంకర్లు తిప్పి రాల్చేస్తాయి. తోటలో చంపాల్సిన పురుగుని పిన్ని గదిలో పనిగట్టుకుని పెంచుతుంది. ఆ నల్లుల్లో కందిరీగలు పుట్టాలి కాబట్టి.

కందిరీగ అంటే చూరు కింద గూడు కట్టి మనల్ని తరిమేది కాదు. దీనికి మనిషిని కుట్టడం చేతకాదు. ఆడది నల్లిని వెతుక్కుని, దాని ఒంట్లో ఒక గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నల్లిని లోపల్నుంచి తింటూ పెరుగుతుంది. పదో రోజుకి నల్లి గట్టిపడి గోధుమరంగు గింజలా తయారవుతుంది. ఆ గదిలో వాటిని గింజలనే అంటారు. "ఈ కాయకి గింజ బాగా కట్టింది" అని పిన్ని నోట వచ్చిందంటే ఆ పూట ఆవిడ హుషారుగా ఉన్నట్టు. ఇంకో వారం పది రోజులకి గింజ చివర మూత తెరిచినట్టు గుండ్రంగా కన్నం చేసుకుని కొత్త కందిరీగ బయటికి వస్తుంది. ఆ కందిరీగల్ని గింజల రూపంలోనే పెట్టెల్లో సర్ది తోటలకి పంపుతారు.

పిన్ని ఇక్కడికి మొదట గాజు ట్యూబులు కడగడానికి వచ్చింది. పదో తరగతి దాకా చదువు. ఒకరోజు అప్పటి అధికారి లెన్స్ కింద పెట్టుకుని మగవాటినీ ఆడవాటినీ వేరు చేస్తుంటే, వెనక తడిచేతులతో నిలబడి, "సార్, అది ఆడది, మగవాటిలో వేశారు" అందట. లెన్స్ లేకుండా ఎలా తెలిసిందని ఆయన అడిగాడు. "నడకలో తెలుస్తుంది కదండీ. అది పనున్నట్టు నడుస్తోంది." మర్నాటి నుంచి ట్యూబులు కడగడానికి ఇంకొకరిని పెట్టారు.

తోటలో పిన్నికి ఒక ప్రత్యర్థి ఉన్నాడు. తోట మేస్త్రీ. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నత్తకి నడక నేర్పింది ఈయనేనేమో అనిపిస్తుంది. తోటలో పడమటి సగం ఆయన చూస్తాడు, ఆ సగమంతా చెట్టు చీమల రాజ్యం. ఆకుల్ని దగ్గరికి లాగి కుట్టుకుని, బంతుల్లాంటి గూళ్లు కట్టే ఎర్రచీమలు. ఆకు తినే గొంగళిపురుగు గాని, కాయని పొడిచే పురుగు గాని చెట్టెక్కితే ముక్కలు చేసి మోసుకుపోతాయి. మేస్త్రీ చెట్టుకీ చెట్టుకీ మధ్య తాళ్లు కట్టి వాటికి దారులు వేశాడు. తూర్పు సగం పిన్ని కందిరీగలది. అక్కడ చీమ ఎక్కకుండా ప్రతి మొదలుకీ జిగురు పట్టీ చుట్టి ఉంటుంది. చీమ ఉన్నచోట కందిరీగకి పని జరగదని పిన్ని నమ్మకం. అందుకు కారణమూ ఉంది. పిండినల్లి ఒంట్లోంచి తీపి చుక్క ఒకటి వస్తుంది, చీమలకి అది ప్రాణం. ఆ చుక్క కోసం నల్లుల మందని కాపలా కాస్తాయి. కందిరీగ వాలితే తరుముతాయి.

మధ్యాహ్నం డబ్బా తెరిచే వేళకి ఇద్దరూ పంపుసెట్టు నీడకి చేరతారు. మేస్త్రీ గట్టు మీద కూర్చుంటాడు, పిన్ని ఎదురుగా పచార్లు చేస్తుంటుంది. అప్పుడు మొదలయ్యే వాదనకి పందొమ్మిదేళ్ల వయసు.

"ఏమ్మా కందిరీగమ్మా, ఈవేళ ఎంతమంది అనాథల్ని కన్నాయి నీవి?"

"అనాథలైతేనేం, ఎవరి మీదా పడి బతకవు. మీ చీమలు నల్లుల దగ్గర వసూళ్లు చేసుకుంటాయి. తోటని కాసేవాడు దొంగకి గొడుగు పట్టినట్టుంది."

"ఒక్క చీమ కడుపు నిండితే వంద చీమల నోటికి అందిస్తుంది. నీదాంట్లో తల్లి మొహం చూసిన పిల్ల ఒక్కటుందా చెప్పు?"

"మీవి గూడు కుట్టేటప్పుడు ఏం చేస్తాయో చెప్పమంటారా? పసిగుడ్డుని నోట కరుచుకుని, దాని నోటి దారంతో ఆకులు కుడతాయి. పసిపిల్లల్ని సూదీదారం చేసిన జాతి మీది. మళ్లీ మాకు తల్లిప్రేమ గురించి చెప్తారు!"

"మరి నీది? పుట్టిన ఇంటినే తిని బయటపడుతుంది."

అధికారి మేడమ్ ఆ మధ్యే బదిలీ మీద వచ్చింది. ముప్పై ఉంటాయి. ఒకరోజు అటుగా వెళ్తూ ఈ గొడవ విని ఆగి, "రెండూ ఒక ఇంటివేనండీ. చీమలు ఎప్పుడో కందిరీగల్లోంచి విడిపోయినవే. నడుము చూడండి, రెంటికీ ఒకటే" అంది. ఇద్దరూ ఒక్క క్షణం మొహమొహాలు చూసుకున్నారు. "అదీ సంగతి! ఆడపడుచూ వదినా కలిసి ఉండలేకపోయారన్నమాట" అన్నాడు మేస్త్రీ. పిన్ని నవ్వలేదు గాని ఆ రోజు నడుములు చూడటానికి లెన్స్ ముందు చాలాసేపు వంగి ఉంది.

నా పీజీ పరీక్షలు అయ్యాక మూడు నెలలు వాళ్లింట్లో ఉన్నాను. నా అక్షరం చిన్నగా ఉంటుందని పిన్ని నన్ను లేబుళ్లు రాయడానికి తీసుకెళ్లేది. అందుకే ఆ వేసవి సంగతి చెప్పగలుగుతున్నాను.

చుట్టుపక్కల నిమ్మతోటలవాళ్లు కలిసి, ఈసారి మందు కొట్టడం మానేసి కందిరీగలు వదులుతామని అడిగారు. నలభై అయిదు రోజుల్లో రెండు వందల పెట్టెలు కావాలి. పిన్ని అన్నేళ్లుగా ఎదురుచూసింది దీనికోసమే. పంపలేకపోతే పెంపకం గది ఎరువుల స్టోరు అయిపోతుందని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పిన్ని ఉద్యోగం ఎక్కడికీ పోదు. ముందు ఆఫీసులో కుర్చీలో కూర్చుని వచ్చిన ఉత్తరాలకి నంబర్లు వేయాలి. "కుర్చీలోనా?" అని అడిగిందట మేడమ్ని. ఇంటికొచ్చి ఆ మాట చెప్తూ వంటింట్లోంచి హాల్లోకీ హాల్లోంచి వంటింట్లోకీ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు.

"నాలుగు రోజులు కూర్చుంటే అదే అలవాటవుతుందిలే" అన్నాడు బాబాయి.

"మిమ్మల్ని నాలుగు రోజులు పరిగెత్తమంటే అలవాటవుతుందా?"

బాబాయి దారపు కండె మిషన్‌కి ఎక్కించుకున్నాడు.

గదిలోనే తరాల తరబడి పెరిగిన కందిరీగలు రాన్రాను నీరసపడతాయి. గుడ్లు తక్కువ పెడతాయి. అందుకని ఏడాదికోసారి తోటలోంచి గింజలు ఏరి తెచ్చి కొత్త నెత్తురు కలుపుతారు. దానికొక పద్ధతుంది. తెచ్చిన ప్రతి గింజనీ విడిగా ఒక ట్యూబులో వేసి, దూది బిరడా పెట్టి, లోపల ఏం పుడుతుందో చూశాకే, కందిరీగల్ని కాయలతో కలిపి ఉంచే జాలిపెట్టెలోకి వదలాలి. ఎందుకంటే తోటలో ఇంకో నల్ల కందిరీగ తిరుగుతుంది. అది నల్లి జోలికి పోదు. నల్లిలో పెరుగుతున్న మన కందిరీగ పిల్ల మీద గుడ్డు పెడుతుంది. పైకి గింజ గింజలాగే ఉంటుంది. లోపల తినేవాడిని తినేవాడు పెరుగుతుంటాడు.

ఆ పద్ధతికి రెండు మూడు వారాలు పడుతుంది. పిన్ని దగ్గర అన్ని రోజులు లేవు. తూర్పు సగం నుంచి అరవై గింజలు తెచ్చింది. ఒక్కొక్కటీ లెన్స్ కింద తిప్పి తిప్పి చూసింది. ట్యూబులకి లేబుళ్లు రాద్దామని నేను పెన్ను తీస్తే, "వద్దులే అమ్మడూ, అన్నీ శుభ్రంగా ఉన్నాయి" అని నేరుగా పెద్ద జాలిపెట్టెలో వేసేసింది. పందొమ్మిదేళ్లలో అదొక్కసారే. పెన్ను మూత పెట్టేశాను. నాకు పద్ధతి తెలుసు, అయినా అడగలేదు. పెద్దవాళ్ల పనిలో మాట కలపడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం పొద్దున, జాలిపెట్టెలో వెలుతురు పడే వైపు పిన్ని మొహం ఆనించి అలాగే ఉండిపోయింది. నేను వెళ్లి చూశాను. కిటికీ వైపు జాలికి పురుగులు పాకుతున్నాయి. నాకన్నీ ఒకలాగే అనిపించాయి.

"నడక చూడు" అంది.

కొన్ని పొట్టిగా, నల్లగా, టక్కున ఆగి మళ్లీ కదులుతున్నాయి. పిన్ని ఒక కాయ తీసి లెన్స్ కింద పెట్టింది. గింజల చివర కన్నాలు గుండ్రంగా లేవు. ఎలుక కొరికినట్టు అంచులు చిరిగి ఉన్నాయి. రెండో కాయ తీసింది. మూడోది. తొమ్మిదో కాయ దగ్గర లెన్స్ పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. కడిగిన చేతుల్నే మళ్లీ కడుక్కుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అలమారలన్నీ ఖాళీ చేసి తుడిచింది. తర్వాత బాబాయి మరల డబ్బాలు తీసి సైజులవారీగా సర్దడం మొదలుపెట్టింది. బాబాయి కాసేపు చూసి, మిషన్ మీంచి చెయ్యి తీసి, "ఏమైందోయ్?" అన్నాడు.

చెప్పింది. ఒక గుప్పెడు మరలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోసుకుంటూ మొత్తం చెప్పింది.

"అయితే ఇప్పుడు పెట్టెల్లో ఏముంది, ఏం లేదు అని ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. గేటు దగ్గర గింజలు లెక్కపెడతారంతే. లెక్క సరిపోతుంది. ఇంకా ఎక్కువే ఉన్నాయి."

"పంపితే?"

"గది ఉంటుంది. తోటల్లో నల్లవి నిండిపోతాయి. వాళ్ల తోటల్లో మన కందిరీగలు నాలుగో అయిదో ఉంటే అవి కూడా పోతాయి. మళ్లీ మందే కొట్టుకుంటారు. కందిరీగలు ఉత్త మోసం అనుకుంటారు."

బాబాయి చెయ్యి చాపాడు. "ఆ మరలు ఇలా ఇవ్వు, కలిపేస్తున్నావు" అన్నాడు. పిన్ని ఇచ్చేసింది. అప్పుడు చూశాను, ఆవిడ చేతుల్లో ఏమీ లేకపోతే అవి ఏం చెయ్యాలో తెలియక పమిట కొసని పట్టుకుని నలుపుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే మేడమ్ గదికి వెళ్లింది. నేను బయట బెంచీ మీద ఉన్నాను. తలుపు సగం తెరిచే ఉంది.

"గది మొత్తం చెడిపోయింది మేడమ్. నా వల్లే. తోట గింజల్ని ట్యూబుల్లో పెట్టకుండా కలిపేశాను."

మేడమ్ ఎప్పుడూ పిన్నిని అక్కా అని పిలిచేది. ఆ రోజు పిలవలేదు.

"మీకు తెలీదా ఎందుకు పెడతామో?"

"తెలుసండీ."

"తెలిసి?"

"ఆగలేకపోయాను."

కాగితాల చప్పుడు. తర్వాత మేడమ్ గొంతు, కోపం కన్నా అలసట ఎక్కువ ఉన్న గొంతు: "ఇవాళే మొత్తం వేణ్నీళ్లలో వెయ్యండి. ఒక్క కాయ మిగలకూడదు. తోటలవాళ్లకి నేను ఫోన్ చేస్తాను, తిట్లు నేను తింటాను. స్టోరువాళ్లు వచ్చే నెల ఇరవయ్యో తారీఖున గది కొలవడానికి వస్తారు. ఆ రోజుకి మచ్చలేని జాతి ఒక్క పెట్టె మీ దగ్గరుంటే, వచ్చే కాపు దాకా గడువు అడుగుతాను. లేకపోతే నేను అడగడానికి ఏముంటుంది చెప్పండి?"

ముప్పై నాలుగు రోజులు. ఆ రోజంతా కాయలు మోశాం. వేడినీటి తొట్టిలో ఒక్కో కాయా మునుగుతుంటే తెల్లపిండి మీగడలా తేలింది. పిన్ని ఒక్క కాయ కూడా ఇంకొకరి చేత వేయించలేదు. అరలన్నీ కడిగి, గోడలు కడిగి, వేరే షెడ్డులో విడిగా పెరుగుతున్న నల్లుల్ని కొత్త కాయల మీదికి ఎక్కించింది. ఇక కావలసింది కందిరీగ.

తూర్పు సగంలో మళ్లీ ఏరాం. నలభై గింజలు, నలభై ట్యూబులు. ఈసారి నలభై లేబుళ్లూ రాశాను. పిన్ని పొద్దున్నే వచ్చి ట్యూబుల వరస ముందు అటూ ఇటూ నడిచేది. ఒకదాన్ని తీసి వెలుతురుకి పట్టుకుని పెట్టేది. నడిచేది. మళ్లీ దాన్నే తీసేది. "పదే పదే తీస్తే అవి మాత్రం ఎలా పుడతాయి పిన్నీ" అన్నాను ఒకసారి, ధైర్యం చేసి. రెండు నిమిషాలు చేతులు వెనక కట్టుకుని నిలబడింది. మూడో నిమిషం నా పెన్ను తీసుకుని మూత పెట్టడం, తియ్యడం మొదలుపెట్టింది.

పదిహేను రోజుల్లో ముప్పై నాలుగు ట్యూబుల్లో నల్లవే పుట్టాయి. నాలుగింట్లో ఏమీ పుట్టలేదు. మనవి రెండు. రెండూ మగవి.

మధ్యాహ్నం పంపుసెట్టు దగ్గర పిన్ని డబ్బా తెరవలేదు. మేస్త్రీ తన ముద్ద తను తినేసి, నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు అడిగాడు: "నా వైపు చూశావా?"

"మీ వైపు ఏముంటుంది, చీమలు తప్ప?"

"గింజల్లాంటివి కనిపిస్తాయి. గోధుమరంగువి. నీవేనేమో అనుకునేవాణ్ని. ఆ మాట అంటే నువ్వు ఒప్పుకోవుగా."

"పందొమ్మిదేళ్లుగా చూస్తూ చెప్పలేదా?"

"పందొమ్మిదేళ్లుగా నువ్వెప్పుడైనా చెప్పనిచ్చావా తల్లీ?"

అప్పటికప్పుడు బయల్దేరింది. మేస్త్రీ నిచ్చెన తెచ్చేలోపు మూడుసార్లు చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మ వంచబోయి, చేతి మీదికి ఎక్కిన చీమల్ని దులిపి, ఇంకా ఎక్కువ ఎక్కించుకుంది. ఈ చీమలు కరిచి ఆ చోటే మంటనీరు చిమ్ముతాయి. పిన్నికి మోచేతుల దాకా ఎర్రగా పొక్కింది.

"దులపకు. అవి కదిలేదాన్నే కరుస్తాయి. నువ్వు కొమ్మవైపోతే నిన్నూ కొమ్మనే అనుకుంటాయి" అన్నాడు మేస్త్రీ.

"కొమ్మని ఎలా అవుతాను?"

"ఊరికే ఉండు."

"ఊరికే అంటే?"

మేస్త్రీ నావైపు చూశాడు.

పిన్ని నిచ్చెన ఎక్కింది. నల్లుల గుంపు మొహానికి జానెడు దూరంలో ఉంది. కొమ్మని కుడిచేత్తో పట్టుకుంది. చీమలు ఆ చేతి మీదుగా దారి పెట్టుకున్నాయి. వేళ్ల మీంచి మణికట్టుకి, మణికట్టు మీంచి రైక చేతి అంచుకి. ఆవిడ మెడనరం బిగుసుకోవడం కింద నుంచి కనిపించింది. ఎడమకాలి బొటనవేలు ఒక్కటీ నిచ్చెన మెట్టు మీద కొట్టుకుంటోంది. కాసేపటికి అదీ ఆగింది.

అలా ఎంతసేపుందో తర్వాత నా వాచీ చూసుకుంటే తెలిసింది, నలభై నిమిషాలు. గాలికి ఆకు కదిలింది, ఆవిడ కదల్లేదు. మేస్త్రీ కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాడు.

ఆవిడ కిందికి దిగింది. తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఒక ఆడ కందిరీగ వాలిందట. చీమలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చీమ నల్లి దగ్గరికి వచ్చి మీసాలతో దాని వీపు మీద మెల్లగా తడుతుంది, నల్లి తీపి చుక్క వదులుతుంది. కందిరీగ కూడా వచ్చి మీసాలతో అలాగే తట్టిందట. అదే తట్టడం. ఒకటి తియ్యదనం అడగడానికి, ఒకటి గుడ్డు పెట్టడానికి. పక్కనే ఉన్న చీమ ఆగి, చూసి, వెళ్లిపోయింది.

"నల్లది ఒకటి వాలింది మేస్త్రీ గారూ. దానికి తట్టడం రాదు. గబగబా పైకెక్కింది. రెండు చీమలు కాళ్లు పట్టి లాగేశాయి."

"మరి నీ దాన్ని వదిలేశాయా?"

"అన్నిసార్లూ కాదు. ఇంకో రెండింటిని తరిమేశాయి. కానీ ఒకటి దూరింది. అది పెట్టిన గుడ్డుని ఇక ఎవరూ ముట్టుకోరు, మీ వాళ్లు కాపలా ఉన్నంతసేపు." చెట్టు వైపు ఒకసారి చూసి, "నేను చూసింది ఒక్కసారే. మిగతాది నా ఊహేమో" అంది.

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "అయితే మా వాళ్లు నీ పిల్లలకి ఆయాలన్నమాట."

"మీ వాళ్లకి తెలీకుండా" అంది పిన్ని. అన్ని రోజుల తర్వాత నవ్వింది.

నాలుగు రోజులు పడమటి సగంలోనే తిరిగాం. ఇరవై మూడు గింజలు దొరికాయి. చీమల చెట్ల మీద మన గింజలు అరుదు, కందిరీగకి అక్కడ దూరడం అంత కష్టం మరి. ఇరవై మూడు ట్యూబులు. ఇరవయ్యో తారీఖుకి పదిహేను రోజులు కూడా లేవు. పిన్ని ట్యూబుల్ని ముట్టుకోవడం మానేసింది. బదులుగా గదిలో ప్రతి కిటికీ రెక్కకీ రంగు వేసింది.

మొదటి మూత ఎనిమిదో రోజున తెరుచుకుంది. గుండ్రని కన్నం. పిన్ని లెన్స్ తీసుకోలేదు. ట్యూబు గోడ వెంట దాని నడక చూసి, "ఆడది" అని మాత్రం అంది. తర్వాత రోజూ ఒకటో రెండో. మధ్యలో ఒక నల్లది వచ్చింది. ఆ రోజు పిన్ని అన్నం నిలబడి కూడా తినలేదు. ఇంకో రోజు ఇంకో నల్లది. ప్రతి ఆడదాన్నీ ఒక మగదాంతో, మగవి చాలకపోతే ముందు జతకట్టినదాంతోనే, కలిపి కొత్త ట్యూబులో పెట్టేది. జతకట్టని ఆడది గుడ్లు పెడుతుంది గాని మగవే పుడతాయి, అలాంటి పెట్టె నాలుగు వారాల్లో ఖాళీ అయిపోతుంది. చీమల్లోనూ అంతేనట, మగచీమకి తండ్రి ఉండడు. మేస్త్రీకి ఆ సంగతి చెప్తే, "మగవాళ్లం ఎక్కడైనా అంతేనమ్మా, లెక్కలోకి రాం" అన్నాడు.

ఇరవయ్యో తారీఖు పొద్దున ఆఖరి ట్యూబు చూశాం. అందులో ఏమీ పుట్టలేదు. మొత్తం మీద మనవి పద్దెనిమిది. అందులో ఆడవి పదకొండు. నల్లవి మూడు. ఖాళీ రెండు.

పదిన్నరకి స్టోరువాళ్లు ఇద్దరు టేపు తీసుకుని వచ్చారు. మేడమ్ వాళ్లని వరండాలో ఆపి లోపలికి వచ్చింది. రిజిస్టరు చూసింది.

"పదకొండా?"

"పదకొండండీ. అన్నీ జతకట్టాయి."

"పదకొండింటితో జాతి నిలబడుతుందా?"

పిన్ని వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పేస్తుందనుకున్నాను. అది ఆవిడ స్వభావం.

"తెలీదు మేడమ్. మూడు తరాలు చూస్తే గాని చెప్పలేను. ఇదివరకు అయితే నిలబడుతుందనే చెప్పేదాన్ని."

మేడమ్ లెన్స్ మీదకి వంగి ఒక్కో ట్యూబూ చూసింది. వరండాలోంచి ఒకడు, "మేడమ్, మాకు ఇంకో రెండుచోట్ల పనుంది" అన్నాడు.

"వచ్చే కాపు దాకా ఈ గది ఇవ్వడం కుదరదని రాసిస్తాను. ఎరువులు షెడ్డులో పెట్టుకోండి" అంది మేడమ్, తలెత్తకుండానే. తర్వాత పిన్నితో, "మీకు ఒక మెమో వస్తుంది అక్కా. జరిగింది జరిగినట్టు రాశాను. సంతకం పెట్టాలి" అంది.

"పెడతానండీ."

"ఇంకొకటి. పొద్దున పూట రెండు గంటలు ముందు ఆఫీసులో ఉత్తరాల పని. మనిషి లేరు. కుర్చీలోనే."

పిన్ని ఒకసారి ఊపిరి పీల్చుకుంది. "రెండు గంటలేగా?"

"రెండు గంటలే."

"తలుపు వేయించండి మేడమ్. గాలికి బెదురుతాయి."

మేడమ్ తనే వెళ్లి తలుపు వేసింది. టేపు చుట్టుకుంటూ ఆ ఇద్దరూ తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు. పిన్ని కొత్త గుమ్మడికాయని జాలిపెట్టెలో పెట్టి, సన్నకుంచె తీసుకుని, మొదటి ట్యూబు దూది తీసింది. కుంచె కొసని ట్యూబు లోపలికి పెట్టి, కందిరీగ తనంత తను ఎక్కేదాకా ఆగి, మెల్లగా కాయ దగ్గరికి తెచ్చింది. అది దిగి వెళ్లిపోయింది. రెండోది. మూడోది. నేను ఒక్కో ట్యూబు మీదా దిగిందని టిక్కు పెడుతున్నాను.

పదకొండోది కుంచె కొసన నిలబడి కాళ్లు తుడుచుకుంది. రెక్కలు సర్దుకుంది. మళ్లీ కాళ్లు తుడుచుకుంది. పిన్ని చెయ్యి గాల్లో అలాగే ఉంది. అది దిగడానికి చాలాసేపు తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు.